ఉగ్గాని తింటే తప్పు చేసినట్టు అనిపిస్తోందా? అయితే ఇది మీకోసమే..

పొద్దున్నే ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ బస్సు దిగితే ముందు ముక్కుకు తగిలేది ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వాసనే. నానబెట్టిన బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పైన పుట్నాల పొడి.. ఈ వైపు పుట్టినోళ్లు ఆ ప్లేటు వద్దనడం కష్టం.

ఇప్పుడు ఓ డిగ్రీ స్టూడెంట్‌ని ఊహించుకోండి. ఎమ్మిగనూరు అమ్మాయి. ఆదోనిలో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. ఫస్ట్ ఇయర్‌లో రీల్స్ చూసి చక్కెర మానేసింది. మంచిదే. నెల తిరిగేసరికి నూనె మానేసింది. తర్వాత తెల్లన్నం. ఆ తర్వాత పాలు, పెరుగు. సెకండ్ ఇయర్‌కి వచ్చేసరికి మెస్‌కి వెళ్లడమే ఆపేసింది. కీరా ముక్కలు, నానబెట్టిన శనగలతో రోజు గడుపుతోంది. ఫ్రెండ్ బర్త్‌డేకి ఒక్క కేకు ముక్క తిన్నందుకు ఆ రాత్రంతా నిద్ర లేదు. ఇంట్లో వాళ్లేమో "మా పిల్లకి కంట్రోల్ ఎక్కువ" అని మురిసిపోతున్నారు.

ఈ అమ్మాయి ఊహే. కానీ ఇలాంటి వాళ్లు మీ క్లాసులో ఒక్కరూ లేరా? ఒకసారి ఆలోచించండి.

దీనికో పేరుంది.. ఆర్థోరెక్సియా

ఈ పేరు పెట్టింది అమెరికన్ డాక్టర్ స్టీవెన్ బ్రాట్‌మన్. 1997లో ఓ యోగా పత్రికలో రాసిన వ్యాసంలో 'ఆర్థోరెక్సియా నెర్వోసా' అనే మాట వాడారు. గ్రీకులో ఆర్థోస్ అంటే సరైనది, ఒరెక్సిస్ అంటే ఆకలి. ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే, ఆయన రాసింది ముందుగా తన గురించే. న్యూయార్క్ రాష్ట్రంలో కొందరితో కలిసి పొలం దగ్గర ఉండేటప్పుడు, అప్పుడే కోసిన కూరగాయలైతేనే తినేవారట. ప్రతి ముద్దా యాభై సార్లు నమలాలి. ఒంటరిగా, నిశ్శబ్దంగా కూర్చుని తినాలి. మొదట్లో ఒళ్లు తేలిగ్గా, మనసు గర్వంగా అనిపించింది. కొన్నాళ్లకు తిండి తప్ప ఇంకో ఆలోచన లేకుండా పోయింది. అప్పుడు గానీ ఆయనకు విషయం అర్థం కాలేదు.

అనొరెక్సియా అని ఇంకోటి ఉంది, దానికీ దీనికీ తేడా చూడండి. అక్కడ భయం బరువు గురించి, ఎంత తిన్నామన్న దాని గురించి. ఇక్కడ భయం తిండి 'శుద్ధంగా' ఉందా లేదా అని. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. చిప్స్ తినే పిల్లాడిని ఇంట్లో తిడతారు, మొలకలు తినేవాడిని మెచ్చుకుంటారు. నేను మాస్ కామ్ చేసేటప్పుడు నా రూమ్మేట్ ఒకరు హోటల్‌కి పిలిస్తే చాలు ఏదో సాకు చెప్పేవారు. మేమంతా డబ్బులు మిగుల్చుకుంటున్నారేమో అనుకున్నాం. అంతకుమించి ఆలోచించలేదు.

ఎంతమందికి ఉంది? ఇక్కడే చిక్కు. ఇటలీలో 404 మందిని చూసిన ఒక స్టడీలో 6.9 శాతం అన్నారు. టర్కీలోని అంకారాలో రెసిడెంట్ డాక్టర్లను అడిగితే 45.5 శాతం అని తేలింది! ప్రశ్నలడిగే పద్ధతిలోనే లోపముందని, హెల్తీగా తినేవాళ్లను కూడా అది జబ్బు లెక్కలో వేస్తోందని తర్వాత చాలామంది పరిశోధకులు అన్నారు. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రీ మాన్యువల్‌లో దీనికి ప్రత్యేకంగా చోటు కూడా ఇవ్వలేదు. కాబట్టి ఇన్‌స్టాలో కనిపించే "మీకు ఆర్థోరెక్సియా ఉందా" క్విజ్‌లను నమ్మి కంగారు పడొద్దు.

ముగ్గురి మాటా వింటే ప్లేటులో ఏం మిగులుతుంది?

మన తెలుగోళ్లకు డైట్ సలహాలకు లోటే లేదు. ఉప్పు, నూనె లేకుండా వండుకోమని మంతెన సత్యనారాయణ రాజు చెప్తారు. అన్నం, రొట్టెలు పక్కన పెట్టి కొబ్బరినూనె తీసుకోమన్నది వీరమాచనేని రామకృష్ణ డైట్. సిరిధాన్యాలే తినమని ఖాదర్ వలీ అంటారు. వీళ్ల వల్ల బాగుపడ్డామనే వాళ్లూ ఉన్నారు, ఎవరు రైటో తేల్చే పని మనం పెట్టుకోవద్దు. కానీ పందొమ్మిదేళ్ల కుర్రాడు యూట్యూబ్‌లో ముగ్గురి వీడియోలూ చూసి, ముగ్గురూ వద్దన్నవన్నీ మానేస్తే? నూనె పోయింది, అన్నం పోయింది, పాలు పోయాయి..

ఒక్కపొద్దు ఉండటం కూడా ఇదేనా అని అడగొచ్చు. కాదు. గురువారం రాఘవేంద్ర స్వామికని ఒక్కపొద్దు ఉన్న పెద్దమ్మ శుక్రవారం హాయిగా జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ తింటుంది. రంజాన్ ఉపవాసానికీ ఇఫ్తార్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పినట్టు తినడం కూడా వేరే లెక్క. ఆర్థోరెక్సియాలో రూల్‌కి ముగింపు ఉండదు, పైగా నెలనెలా ఇంకో రూల్ చేరుతుంది.

అసలు భయం ఇక్కడుంది

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే చాలామంది అమ్మాయిలు కాలేజీలో చేరేటప్పటికే ఐరన్ తక్కువతో వస్తారు. దానిపైన గుడ్డు, పప్పు, పెరుగు ఒక్కొక్కటే కట్ చేసుకుంటూ పోతే జుట్టు రాలుతుంది, నీరసం వస్తుంది, నెలసరి తప్పుతుంది, పుస్తకం తీస్తే మనసు నిలవదు. బీ12 తగ్గితే కాళ్లూ చేతులూ తిమ్మిర్లు. "డీటాక్స్ అవుతోంది, అందుకే ఇలా" అని సర్దిచెప్పుకోవడం ఇంకా ప్రమాదం.

పైగా ఈ ప్రాంతంలో చాలా కుటుంబాలు సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్తాయి. అమ్మానాన్నా నెలల తరబడి ఊళ్లో ఉండరు. హాస్టల్‌లో ఉన్న పిల్ల ఏం తింటోందో చూసేదెవరు? ఫోన్‌లో "తిన్నావా?" అంటే "తిన్నా" అంటుంది. అది అబద్ధం కూడా కాదు, కీరా తిన్నది కదా!

అన్నం విషం అనుకునేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకి కావాల్సిన శక్తిలో 45 శాతం దాకా బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాల నుంచి రావొచ్చని అందులో ఉంది. కండలకని ప్రోటీన్ పౌడర్లు వాడొద్దని కూడా చెప్పింది. ఆదోని జిమ్ముల్లో పౌడర్ డబ్బా పట్టుకు తిరిగే తమ్ముళ్లు ఇది చూడాలి.

మరి ఏం చేయాలి? ఫ్రెండ్‌లో ఇవి కనిపిస్తే వెక్కిరించొద్దు, బలవంతంగా నోట్లో కుక్కొద్దు. "ఈ మధ్య మాతో తినడం లేదేంటి?" అని విడిగా, మెల్లగా అడగండి. తిండి ఆలోచనే రోజులో గంటలు తినేస్తోందంటే, ఒక్క ముద్ద అటూఇటూ అయితే ఏడుపొస్తోందంటే డాక్టర్‌ని కలవాల్సిందే. ముందు రక్త పరీక్ష, తర్వాత కౌన్సెలింగ్. మానేసిన పదార్థాలను ఒక్కొక్కటిగా మళ్లీ ప్లేటులోకి తెస్తారు, ఒక్కసారిగా కాదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.