గడియారం మాత్రం ఇవ్వకండి!

విదేశంలో ఉద్యోగం అనగానే మనకి దుబాయి, అమెరికా గుర్తొస్తాయి. చైనాకి పాఠాలు చెప్పడానికి వెళ్ళే మనవాళ్ళూ ఉన్నారండీ. డాక్టరీ చదువుకని మన పిల్లలు అక్కడికి వెళ్తుంటారు కదా, వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పే మేష్టర్లు కావాలి. మావారికి అలాగే షెన్యాంగ్‌లో ఉద్యోగం వస్తే 2018లో నేనూ, పాపా వెంట వెళ్ళాం. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి అవకాశం వస్తే వీసా సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, పండుగ రోజుల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

డిసెంబరు 25న అక్కడ సెలవు లేదు, మావారికి ఆ రోజూ క్లాసులే. సంక్రాంతి ఊసే ఎవరికీ తెలీదు. వాళ్ళ పెద్ద పండుగ కొత్త సంవత్సరం. 2019లో అది ఫిబ్రవరి 5న, సరిగ్గా మన మాఘ శుద్ధ పాడ్యమి నాడు వచ్చింది. దానికి ముందు ఊరూరా జనం రైళ్ళెక్కి సొంతూళ్ళకి పోతారు. కాలేజీ ఆవరణ ఖాళీ. కూరలమ్మేవాళ్ళు కూడా వెళ్ళిపోతారు. ఇది ముందుగా తెలీక వారం రోజులు బంగాళాదుంపలతో గడిపాం. మీరు వెళ్తే క్యాబేజీ, దుంపలు, గుడ్లు ముందే తెచ్చి పెట్టుకోండి. కందిపప్పు, చింతపండు, ఎండబెట్టిన కరివేపాకు ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి.

టికెట్ల ధర చూసి మేం ఇంటికి రాలేదు. బయట మైనస్ ఇరవై చలి. పాప కిటికీ దగ్గర కూచుని "మామ్మ దగ్గరికి ఎప్పుడెళ్దాం" అని ఒకటే గొడవ. అప్పుడు ఎదురింటి ముసలమ్మ పండుగ ముందురోజు రాత్రి భోజనానికి రమ్మంది. వాళ్ళ భాషలో నాయనమ్మని "నైనై" అంటారు. పాప ఆవిణ్ణి అలాగే పిలిచేది.

వట్టి చేతులతో ఎలా వెళ్తాం? మన పెళ్ళిళ్ళలో ఇస్తాం కదా అని మంచి గోడగడియారం కొన్నాను. పొట్లం విప్పగానే ఆవిడ కూతురి మొహం మాడిపోయింది. నైనై మాత్రం లోపలికెళ్ళి ఒక యువాన్ బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేమన్నా అడుక్కోవడానికి వచ్చానా! లేచి వచ్చేద్దామనుకున్నాను కూడా. ఇంగ్లీషు వచ్చిన మనవరాలు అప్పుడు చెప్పింది. చైనా భాషలో గడియారం కానుకివ్వడం అన్నా, పోయేముందు పెద్దవాళ్ళకి కడసారి సేవ చెయ్యడం అన్నా ఒకేలా పలుకుతుందట. బిళ్ళ ఇస్తే అది కానుక కాదు, కొన్న వస్తువు. దోషం ఉండదు. సిగ్గుతో నా తల వాలిపోయింది. డెబ్భై ఏళ్ళావిడ చేతికి పండుగపూట నేనిచ్చింది అదీ!

ఆవిడేమీ పట్టించుకోలేదు. మేం పంది మాంసం తినమని ఎవరు చెప్పారో ఏమో, మా కోసం కోడిగుడ్డు, ఉల్లికాడల్లాంటి ఆకు పెట్టి కజ్జికాయల ఆకారంలో వేరే చేసి ఉడికించింది. పాపకి ఎర్ర కవరులో కొత్త నోట్లు పెట్టింది. (మీరు పిల్లలకిచ్చేటప్పుడు నాలుగు అంకె రాకుండా చూసుకోండి. అది చావుమాటలా పలుకుతుంది.)

పదిహేనో రోజు, మాఘ పౌర్ణమి నాడు దీపాల పండుగ. నైనై గిన్నెడు తెల్లటి ఉండలు పంపింది. కొరికితే లోపల అచ్చం మన చిమ్మిలి! నల్ల నువ్వులు వేయించి పొడిచేసి, పంచదార, కొవ్వు కలిపి ఉండ చేస్తారు. దాన్ని నీళ్ళలో ముంచి జిగురుబియ్యం పిండిలో దొర్లించడం, మళ్ళీ ముంచడం, మళ్ళీ దొర్లించడం. ఉడికి పైకి తేలితే అయినట్టే. కొవ్వు బదులు నెయ్యి వేసి నేనూ చేశాను, బాగా కుదిరాయి.

మర్నాడు ఆ గిన్నెనిండా నువ్వులుండలు పెట్టి తిరిగిచ్చాను. వంటింటి గోడమీద నా గడియారం తిరుగుతోంది. నేను చూడటం గమనించి నైనై వేలితో గుండ్రంగా బిళ్ళ ఆకారం గీసి, తన గుండెమీద తట్టుకుని నవ్వింది, నేను కొనుక్కున్నదేగా అన్నట్టు.