రంది వెనక కులం

రంది, మనాది, బుగులు. ఈ మూడు మాటలు తెలియని ఇల్లు మన బస్తీల్లో లేదు. ఏదో ఒకటి లోపల తొలుస్తుంటే రంది. అది నెలల తరబడి మనిషిని కుంగదీసి తిండి, నిద్ర లేకుండా చేస్తే మనాది. ఎప్పుడేం జరుగుతుందోనని గుండె దడదడలాడితే బుగులు. డాక్టర్లు డిప్రెషన్, యాంగ్జయిటీ అని పిలిచేవి వీటికి దగ్గరివే. కాబట్టి మానసిక ఆరోగ్యం డబ్బున్నవాళ్ళ గొడవ అనుకోనక్కర లేదు. మనకు జబ్బు తెలుసు, దాని పేరూ తెలుసు. దాని గురించి బయట మాట్లాడటమే తెలియదు.

ఎందుకు మాట్లాడం? ఈ నగరంలో 'ఎర్రగడ్డ' అనే పేరే ఒక తిట్టయి కూర్చుంది. అక్కడి మానసిక వైద్యశాల పేరు చెప్పి మనుషులను గేలి చేస్తారు. ఇప్పటికే కులం పేరుతో ఒక తిట్టు మోస్తున్నవాడు రెండో తిట్టును ఎందుకు నెత్తికెత్తుకుంటాడు?

నా సంగతే చెప్తాను. మాది సికింద్రాబాద్ అడ్డగుట్ట. నాయిన రైల్వేలో ఖలాసీ. అమ్మ మారేడుపల్లిలో నాలుగిండ్లల్లో పాచిపని చేసేది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. పరిశోధనలో రెండో ఏడు ఒక సెమినార్‌లో పేపర్ చదువుతుంటే వెనక నుంచి ఎవరో “కోటాలో వచ్చినా బాగానే చదువుతున్నాడే” అన్నారు. నలుగురు నవ్వారు. అంతే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కాని ఆ రాత్రి నుంచి నిద్ర పోయింది. కడుపులో మంట, తల దిమ్ము. రాసిన వాక్యాన్నే పదిసార్లు కొట్టేసి మళ్ళీ రాయడం. ఒక డాక్టరు గ్యాస్ అని గోలీలు ఇచ్చాడు. అమ్మ మాత్రం మొఖం చూడంగనే పట్టేసింది. “రంది పెట్టుకున్నవు బిడ్డా, ఏందో చెప్పు” అంది. చెప్పలేకపోయాను. ఇల్లంతా నా మీదే ఆశ పెట్టుకున్నప్పుడు ఓడిపోతున్నానని ఏ నోటితో చెప్పేది?

ఒక్క మాటకే ఇంత అవుతుందా అని అడగొచ్చు. అది ఒక్క మాట కాదు గనకనే అవుతుంది. కిరాయి ఇంటికి పోతే “మీరేమిటోళ్ళు?” అంటారు. ఇంటిపేరు అడుగుతారు, ఏం వండుకుంటారో అడుగుతారు. అడగకముందే జవాబు సిద్ధం చేసుకుని తిరగడం మనకు అలవాటైపోయింది. ఆపద ఎదురైతే ఎవరి ఒళ్ళయినా పారిపోవడానికో తిరగబడటానికో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఆపద పోతే ఒళ్ళు కుదుటపడుతుంది. కాని అవమానం ఎప్పుడు ఎవరి నోట్లోంచి వస్తుందో తెలియని మనిషి ఒళ్ళు కాపలా దిగదు. నిద్ర పట్టదు, అన్నం అరగదు, చదివింది నిలవదు. చివరికి అదే చూపించి “వీళ్ళకు తెలివి లేదు” అంటారు.

అంబేద్కర్ అంతటి మనిషికీ ఇది తప్పలేదు. అమెరికా, ఇంగ్లండ్‌లలో చదివి 1917లో కొలువు కోసం బరోడా వెళ్తే, కులం దాచి పార్సీల సత్రంలో ఉండవలసి వచ్చింది. సంగతి తెలిసి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. బొంబాయి రైలు వేళ దాకా ఒక తోటలో కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి తలుచుకుంటే కన్నీళ్ళు వస్తాయని ఆయనే రాసుకున్నారు. అది పిరికితనం కాదు, గాయం.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. హాస్టల్ నుంచి పంపించేసిన ఐదుగురు పరిశోధక విద్యార్థుల్లో అతనొకడు. వాళ్ళు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత క్యాంపస్‌లలో కౌన్సెలింగ్ పెట్టాలనే మాట గట్టిగా వినబడింది. కౌన్సెలింగ్ కావలసిందే. కాని వెలివేతను అట్లనే ఉంచి, వెలివేయబడినవాడికి మాత్రమే ధైర్యం చెప్పడం సగం వైద్యం.

మిగతా సగం మన పెద్దలకు తెలుసు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో జనాన్ని కూడగట్టారు. సికింద్రాబాద్‌లో అరిగె రామస్వామి తాగుడుకు, జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పనిచేశారు. బాధను కల్లుతో, సారాతో కప్పెట్టుకోవద్దని చెప్పినవాళ్ళు, ఆ బాధ చెప్పుకోవడానికి ఒక సంఘం కూడా పెట్టి ఇచ్చారు. ఆదిహిందువులం అని తమకు తామే పేరు పెట్టుకోవడం కూడా మీద పడ్డ సిగ్గును దించుకోవడమే.

మరి ఇప్పుడు ఏం చేయాలి? ముందు గుర్తుపట్టాలి. దుఃఖం వస్తుంది, పోతుంది. కాని రెండు వారాలు దాటి, దాదాపు రోజంతా మనసు కుంగి, నిద్ర, తిండి, పని మీద ధ్యాస తప్పితే డాక్టరును కలవాలి. ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ వైద్యంలో కుల వివక్ష ఉండకూడదని పేరు పెట్టి చెప్పింది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెప్పింది. పోలీసు కేసుకు భయపడి అట్లాంటి మనిషిని ఇంట్లో దాచవద్దు.

ఇంకొక మాట. డాక్టరుకు కులం సంగతి కూడా చెప్పాలి. నేను ఒక ఆసుపత్రికి పోతే మొదటిసారి గోలీలతో నిద్ర వచ్చింది, బుగులు పోలేదు. రెండోసారి సెమినార్ ముచ్చట చెప్పాను. అప్పుడు డాక్టరు కలం పక్కన పెట్టి విన్నాడు. ఇప్పుడు ఆదివారాలు మేం ఐదారుగురం అడ్డగుట్టలో కూర్చుంటున్నాం. చదువు, అప్పులు, కిరాయి ఇండ్లు, అన్నీ మాట్లాడుకుంటాం. ఏడ్చినవాణ్ణి ఎవరూ నవ్వరు.

మొన్న అమ్మకు కూడా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, పనిచేసిన ఒక ఇంట్లో తనకు వేరే గ్లాసు పెట్టిన సంగతి చెప్పింది. ముప్పై ఏండ్లుగా ఎవరికీ చెప్పలేదట. “చెప్పుకుంటే ఏమొస్తది అనుకున్న బిడ్డా” అంది. చెప్పుకుంటే ఏమొస్తుందో ఆ రాత్రి ఇద్దరికీ తెలిసింది. ప్రతి బస్తీలో, ప్రతి హాస్టల్‌లో అట్లా చెప్పుకునే జాగా ఒకటి ఉండాలె. దాన్ని మనమే పెట్టుకోవాలె.