ఎత్తిపోతల చల్లదనం ఎక్కడిది?

దాచేపల్లి మిరప కల్లాల ఘాటు దాటి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల దారి పట్టండి. రోహిణి కార్తెలో వార్తల్లో మారుమోగే రెంటచింతల ఎండ ఎంతటిదో తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు. మాచర్ల కూడా దాటి, నాగార్జునసాగర్ డ్యామ్ ఇంకా 11 కిలోమీటర్లు ఉందనగా ఎత్తిపోతల జలపాతం వస్తుంది. బండి దిగి నాలుగడుగులు వేస్తే లోయ అంచు. ఎదురుగా చంద్రవంక వాగు, నక్కలవాగు, తుమ్మలవాగు ఒక్కటై 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంటాయి. ఆ నీరు మరో మూడు కిలోమీటర్లు పారి కృష్ణలో కలుస్తుంది. తుంపర మొహాన పడేంత దగ్గరికి వెళ్లేసరికి ఒళ్లంతా చల్లబడుతుంది.

ఎత్తు నుంచి దూకడం వల్ల నీళ్లు చల్లబడ్డాయా? లేదు, నిజానికి వేడెక్కాయి. 70 అడుగులంటే 21 మీటర్లు. గాలి అడ్డు లేదనుకుంటే ఆ నీరు రెండు సెకన్లలో మడుగును చేరుతుంది. అప్పటికి దాని వేగం గంటకు 73 కిలోమీటర్లు. ఆ వేగం సుడుల్లో అణిగి చివరికి వేడిగా మారుతుంది. కాకపోతే ఆ వేడి సెల్సియస్ డిగ్రీలో ఇరవయ్యో వంతే. 1845లో శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ నయాగరా జలపాతానికి ఇలాంటి లెక్కే కట్టి, అక్కడి నీరు ఫారెన్‌హీట్ డిగ్రీలో ఐదో వంతు వేడెక్కాలన్నాడు.

మరి చల్లదనం ఎలా వచ్చింది? జవాబు మన ఇంటి మట్టికుండలోనే ఉంది. కుండ పైకి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. అదే గ్రాము నీరు ఎత్తిపోతలలో దూకితే పుట్టే వేడి 0.2 జౌలు మాత్రమే. అంటే ఒక్క గ్రాము ఆవిరైతే, 12 కిలోల నీరు దూకగా పుట్టిన వేడికి సరిపోతుంది.

జలపాతం చేసే అసలు పని నీటిని తునకలు చేయడం. రెండు మిల్లీమీటర్ల చుక్క పగిలి 0.1 మిల్లీమీటరు తుంపరగా మారితే 8,000 బిందువులవుతాయి. గాలికి తగిలే ఉపరితలం 20 రెట్లు పెరుగుతుంది. ఆ తుంపర చుట్టూ ఉన్న గాలి వేడిని తీసుకుని ఆవిరవుతుంది. పడే నీరు తనతోపాటు గాలినీ కిందికి లాక్కొచ్చి పక్కలకు తోస్తుంది. మొహానికి తగిలే చల్లగాలి అదే.

గాలి ఎంత పొడిగా ఉంటే చలువ అంత ఎక్కువ. అందుకే ఈ జలపాతం విలువ వానాకాలం కన్నా పల్నాటి ఎండల్లోనే బాగా తెలుస్తుంది. తీరా ఆ రోజుల్లోనే వాగులు సన్నబడతాయి. సందర్శకుల కోసం సాగర్ నీటిని కూడా ఇటు వదులుతుంటారు. వాగు నిలిస్తేనే ఈ చలువ నిలుస్తుంది.

ఈసారి పిల్లలతో వెళ్లేటప్పుడు గది వేడిని కొలిచే థర్మామీటర్లు రెండు పట్టుకెళ్లండి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టండి. రెంటచింతల రోడ్డు పక్కన నీడలో రెంటికీ తేడా ఎంతో రాసుకోండి, జలపాతం దగ్గర మళ్లీ చూడండి. తుంపర దగ్గర తేడా తగ్గుతుంది. తడిగుడ్డ చేయాల్సిన పనిని అక్కడ జలపాతం ముందే చేసిపెట్టింది మరి. మడుగులోకి మాత్రం దిగకండి, అక్కడ మొసళ్లుంటాయి.