బ్రోకలీ సీడ్ క్యాప్సూల్స్‌తో బాడీ డిటాక్స్ అవుతుందా? లేబుల్ మీద ఈ ఒక్క పదం ఉందో లేదో చూశారా?

ఒంట్లోని విషాలన్నీ బయటకు పంపేస్తుందంటూ బ్రోకలీ విత్తనాల ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్‌ను ఆన్‌లైన్‌లో తెగ అమ్మేస్తున్నారు. మరి ఇందులో నిజమెంత?

నిజానికి బ్రోకలీ గింజలో సల్ఫోరాఫేన్ దాదాపు ఉండదు. ఉండేది దాని ముడిసరుకు, గ్లూకోరాఫానిన్. గింజను నలిపినా, మొలకను నమిలినా మైరోసినేస్ అనే ఎంజైమ్ దాంతో కలుస్తుంది. అప్పుడే సల్ఫోరాఫేన్ తయారవుతుంది. ఇది కణాల్లోని ఎన్ఆర్ఎఫ్2 అనే స్విచ్‌ను ఆన్ చేస్తుంది. దాంతో హానికర రసాయనాలను కరిగించి మూత్రంలోకి పంపే ఎంజైమ్‌లు పెరుగుతాయి. అంటే విటమిన్-సి లాగా నేరుగా పనిచేసే యాంటీఆక్సిడెంట్ కాదన్నమాట. శరీరంలో ఉన్న రక్షణ వ్యవస్థనే నిద్రలేపుతుంది.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో పాల్ టలాలే బృందం 1992లో బ్రోకలీ నుంచి దీన్ని వేరు చేసింది. 3 రోజుల మొలకల్లో ముదిరిన బ్రోకలీ కంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువ గ్లూకోరాఫానిన్ ఉంటుందని 1997లో తేల్చింది. గింజలకు గిరాకీ మొదలైంది అక్కడి నుంచే.

మనుషుల మీద పరీక్షలూ జరిగాయి. చైనాలోని చిడాంగ్ ప్రాంతంలో గాలి కాలుష్యం ఎక్కువ. అక్కడ 291 మందితో 12 వారాల పాటు అధ్యయనం చేశారు. రోజూ మొలకల పొడి కలిపిన డ్రింక్ తాగినవారి మూత్రంలో బెంజీన్ వ్యర్థాలు 61 శాతం, అక్రోలిన్ వ్యర్థాలు 23 శాతం ఎక్కువగా బయటకు వెళ్లాయి. 2014లో వచ్చిన ఫలితాలివి. చిన్న విషయమేమీ కాదు. కానీ దాంతో జబ్బులు తగ్గాయని మాత్రం ఆ స్టడీ చెప్పలేదు. పైగా వాళ్లు తాగింది డ్రింక్, మన చేతిలో ఉన్నది క్యాప్సూల్.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. చాలా క్యాప్సూల్స్‌లో గ్లూకోరాఫానిన్ ఉంటుంది గానీ మైరోసినేస్ ఉండదు. అప్పుడు ఆ పని పేగుల్లోని బ్యాక్టీరియా మీద పడుతుంది. అది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకే డబ్బా కొన్న ఇద్దరిలో ఒకరికి అందేది ఎక్కువ, ఇంకొకరికి నామమాత్రం. లేబుల్ మీద వెతకాల్సిన పదం ఇదే.. మైరోసినేస్. '500 ఎంజీ ఎక్స్‌ట్రాక్ట్' అని రాస్తే సరిపోదు, అందులో గ్లూకోరాఫానిన్ ఎంతో కూడా ఉండాలి.

ఇంకో సంగతి. ఈ ఎంజైమ్ మన వంటింట్లో ఆవాల్లోనూ ఉంది! ఉడికించిన బ్రోకలీపై ఆవపొడి చల్లి తిన్నవారికి సల్ఫోరాఫేన్ 4 రెట్లకు పైగా ఎక్కువ అందిందని బ్రిటన్ పరిశోధకులు గుర్తించారు. అయితే పోపులో చిటపటలాడిన ఆవాలు కాదు, వేడికి ఎంజైమ్ పోతుంది. పచ్చి ఆవపొడిని కూర దించాక కలపాలి, పనసపొట్టు కూరలో ఆవ పెట్టినట్టు.

కీమో తీసుకుంటున్నవారు, థైరాయిడ్ మందులు వాడేవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ఈ క్యాప్సూల్స్ జోలికి వెళ్లొద్దు. కొందరికి గ్యాస్, కడుపులో మంట కూడా వస్తాయి. మన దేశంలో ఇలాంటి డబ్బాలపై 'మందుగా వాడేందుకు కాదు' అని రాసి ఉండాలన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. ఆ లైన్ లేకపోగా షుగర్, క్యాన్సర్ తగ్గుతుందని రాసి ఉంటే ఆ డబ్బాను పక్కన పెట్టేయడమే.