వానయు మట్టిబాటయు: పందెము నిలుపుట యెప్పుడు?

అమెరికా సంయుక్తరాష్ట్రముల పల్లెపట్టులలో వేసవి శనివారము రాత్రి మట్టిబాటపై మోటారుపందెములు జరుగుట చిరకాలపు వాడుక. రైతుల పత్రికలో కారుపందెముల ప్రసక్తి యేల యని చదువరులు ఆశ్చర్యపడవచ్చును. ఈ పందెములలో యంత్రముతోపాటు మట్టియు ప్రధానము. తొలకరి జల్లు పడిన మరునాడు అరక కట్టవలయునా, ఇంకొకనాడు ఆగవలయునా యని మన రైతు పడు చింతయే, ఇంచుమించుగ, శనివారము ఉదయమున ఆ బాట యజమాని పడు చింత. అదియుగాక ఈ బాటలలో పెక్కింటికి పుట్టినిల్లు వ్యవసాయ ప్రదర్శనపు మైదానములే. అయోవా రాష్ట్రమున నాక్స్‌విల్ అను చిన్నపట్టణమునందలి ప్రసిద్ధమైన అరమైలు బాట మేరియన్ కౌంటీ ప్రదర్శన మైదానములో నున్నది. దానిపై యాజమాన్యము ఆ ప్రదర్శన సంఘమువారిదే. 1961లో ఆరంభమైన అచ్చటి ఆగస్టు పందెములకు దేశపు నలుమూలలనుండి జనులు వత్తురు. ఒహాయో రాష్ట్రమున ఎల్డోరా బాటను 1954లో ఎర్ల్ బాల్టెస్ నెలకొల్పెను. అదియు అరమైలు చుట్టు గలదే.

బాట కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. మలుపులకడ వెలుపలి యంచు ఎత్తుగను, లోపలి యంచు పల్లముగను వాటము దీర్చి యుంతురు. మట్టి జిగురుగల బంకమట్టి కావలయును; ఇసుక నేల పనికిరాదు. నాక్స్‌విల్‌లోని మట్టి నల్లనిది, మన రేగడిని తలపించునది. పందెమునకు ముందుగా ట్రాక్టరునకు డిస్కు తగిలించి పైమట్టిని కదల్తురు, నీళ్లలారీలతో తడుపుదురు, రోలరుతో నణతురు. కడపట పందెపు కార్లనే మెల్లగ త్రిప్పి చక్రములతో తొక్కింతురు. పదును కుదిరినచో మట్టి చక్రమును పట్టుకొనును. పదును తక్కువైనచో బాట నున్నబడి జారును, ధూళి లేచి వెనుకవానికి ముందుబండి కనబడదు. ఎక్కువైనచో బురద. వానకు జడిసి పందెమాపు ఆ యజమానియే వానలేని వారమున లారీవెంట లారీగ నీరుపోయుచుండుట చూడ వింతగ నుండును. అతనికి నీటితో వైరము లేదు. తాను కొలిచి పోసిన నీరు వేరు, మబ్బు కొలతలేక పోసిన నీరు వేరు.

బురదలో పరుగిడిన నేమగును? స్ప్రింటుకారు అనబడు బండి తోలువానితో కలిసి సుమారు 1400 పౌనుల బరువుగలది. యంత్రమునకు సుమారు 900 గుఱ్ఱముల బలము. అట్టి బండి మెత్తనినేలను తొక్కినచో లోతైన గాడి పడును. వెనుక వచ్చునది అడ్డముగ ఆ గాడిలో దిగి పల్టీ కొట్టును. ఎగసిన బురద చల్లదనమిచ్చు రేడియేటరును మూయును, తోలువాని ముఖపుటద్దమును కప్పును. ఒకదానిపై నొకటిగ అంటించిన పలుచని పొరలను వాడు పరుగుమధ్యనే చించి పారవేయుచుండును గాని, ఆ పొరలకును ఒక లెక్క కలదు గదా! ప్రమాద మటుంచినను, బాటకు కలుగు నష్టము చిన్నది కాదు. తడియారని రేగడిని దున్నినవాడు ఆ యేడెల్ల బెడ్డలు పగులగొట్టుకొనుచుండును. ఒక్కరాత్రి మొండితనమున పడిన గాళ్లను పూడ్చి మరల వాటము తీర్చుటకు వారములు పట్టవచ్చును.

ధనబలముగలవారును వానకు లోబడవలసినదే. టెన్నెసీ రాష్ట్రమున బ్రిస్టల్ అనుచోట కాంక్రీటు బాట కలదు. 2021లో నాస్కార్ సంస్థవారు దానిపై మట్టి పోయించి తమ ప్రధాన పందెమును నడప నిశ్చయించిరి. 1970 తరువాత ఆ శ్రేణి పందెము మట్టిపై జరుగుట అదియే మొదలు. మార్చి 27వ తేది శనివారమున వానచే ప్రాథమిక పందెములు నిలిచిపోయెను. ఆదివారము మరింత వాన కురిసి పరిసరములు వరదపాలయ్యెను. పందెము సోమవారమునకు మారెను. జోయి లొగానో గెలిచెను. చిత్ర మేమన, ఆనాడు పీడించినది బురద కాదు, ధూళి! దానిచే ఎదుటి బండి కానరానందున, పందెమధ్యమున తిరిగి ఆరంభించునపుడు జోడుబారులు మాన్పించి ఒక్కబారుగ నడిపింపవలసివచ్చెను. రెండుదినములు నానిన మట్టి మూడవదినమున దుమ్మయ్యెను. బంకమట్టి స్వభావము తెలిసిన రైతున కిది నవ్వు పుట్టించును గాని ఆశ్చర్యము కలిగింపదు. 2023 వరకు మాత్రమే అట్లు మట్టిపై నడిపి, 2024లో మరల కాంక్రీటునకే వచ్చిరి.

నాస్కారు సోమవారమునకు మార్పగలదు. పల్లెబాట మార్పజాలదు. తోలువారిలో పెక్కండ్రు సోమవారము పనికి పోవలసిన మెకానిక్కులు, రైతులు, కూలివారు, చూడవచ్చువారును అట్టివారే. కావున పందెము శనివారమైన జరుగవలయును, లేదా ఆ వారమునకు లేనట్లే. వసంతమునుండి శరత్తు మొదలువరకే ఋతువు. వరుసగా మూడు శనివారములు వాన పట్టినచో చిన్నబాటకు మిగులు వట్టిపోవును.

ఇక చిక్కు సమయమునందున్నది. ఉదయమే నిలిపినట్లు ప్రకటించినచో, దూరమునుండి బండి నీడ్చుకొనివచ్చువాడు బయలుదేరడు, తినుబండారముల వారు సరకు తెప్పింపరు, ద్వారపాలకులకు కూలి పడదు. కాని మధ్యాహ్నము ఎండ కాసెనా, ఊరందరును యజమానిని తిట్టుదురు. సాయంకాలము వరకు వేచి అపుడు నిలిపినచో, నూరుమైళ్లు వచ్చినవాడు తిట్టును. రెండు తిట్లలో ఏది తేలిక యనునదే నిర్ణయమని వేళాకోళముగ ననవచ్చును.

అనుభవశాలులు ఆకాశముకంటె బాటనే ముందుగ చూతురు. వాన రాకమునుపే డిస్కు త్రోలి మట్టిని వదులుచేసియున్నచో, స్వల్పపు జల్లయినను లోతుగ నింకును. ఆ దినము పని ముగిసినట్లే. రాడారులో మబ్బు కానరాగానే రోలరుతోను బరువు లారీలతోను పైభాగమును నున్నగ బిగించియుంచిరా, నీరు వాటమువెంట పల్లమునకు జారిపోవును; గంటలతరబడి కురిసినను పైపొర గీకివేసి, మిట్టనుండి మొదలిడి లారీలు త్రిప్పి నిలుపుకొనవచ్చును. తారుబాటలపై వాడు వేడిగాలి యంత్రము లిచట పనికిరావు. పైన చెక్కు గట్టి క్రింద మెత్తగ నుండును. ఆరబెట్టునది ఎండయు గాలియు మాత్రమే. సూర్యుడస్తమించినపిదప కురిసిన వాన కావుననే మిక్కిలి కీడు.

నా మట్టుకు, బిగించిన బాటయైనచో మధ్యాహ్నము రెండు మూడు గంటలవరకు వేచియుండుట న్యాయమనియు, వదులైన బాట నానినచో తెల్లవారగనే చెప్పివేయుట మర్యాద యనియు తోచుచున్నది. ద్వారము తెరచి టిక్కెట్టు సొమ్ము పుచ్చుకొన్న పిమ్మట, జరుగదని మనసున నెఱిగియు తినుబండారములు అమ్ముడగువరకు జనులను కూర్చుండబెట్టుట మాత్రము తగదు. ఆ సందేహము పుట్టకుండుటకే పెక్కుచోట్ల నియమ మేర్పరచిరి: ఇన్ని పందెములు పూర్తియగులోపల వాన పట్టినచో టిక్కెట్టు చీటీ చూపి మరియొక శనివారము లోనికి పోవచ్చును, అవి పూర్తియైనపిదప నిలిచినచో సొమ్ము తిరిగిరాదు. ఎన్ని యనునది ఆయా బాటలవారి యిష్టము. తెలివిగలవారు దానిని టిక్కెట్టు వెనుకనే అచ్చువేయింతురు.

శనివారము ఉదయమున ఇవన్నియు తెలిసిన యజమానియు మొదట చేయు పని యొక్కటే. బూట్లు తొడిగికొని మలుపువరకు నడచిపోయి, మడమతో మట్టిని నొక్కి, గుంటలో నీరూరునేమో యని వంగి చూచును.