కట్టడాలు – కనపడని భాగం

ఈమధ్య మన ప్రాంతంలో నలుగురు కూడిన చోట కొత్త కట్టడాల మాట రాకుండా ఉండటం లేదు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఉద్దానానికి మంచినీళ్ళ గొట్టాలు, మూలపేటలో ఓడరేవు. టెక్కలిలో బస్సెక్కితే ‘ఎన్ని కోట్లు? ఎవరు తెచ్చారు?’ అనే వాదన పలాస దాకా నడుస్తుంది. ముఖం అందంగా ఉంటే బాగా కట్టారంటాం, రంగు వెలిస్తే నాసిరకం అంటాం. సైన్సు చదువుకుంటున్నవాడిగా నాకు ఈ రెండూ సరైన కొలతలుగా తోచవు. కట్టడం మంచిచెడ్డలు చాలావరకు కంటికి కనపడని చోటే ఉంటాయని నా అభిప్రాయం.

మనది ఉప్పుగాలి. నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర కాసేపు నిలబడితే పెదవులకే తెలుస్తుంది. కాంక్రీటులోని ఇనుపచువ్వ తుప్పు పట్టకుండా ఎందుకుంటుంది? సిమెంటు క్షారగుణం కలది, తాజా కాంక్రీటు పి.హెచ్. విలువ 12కి పైమాటే. అంతటి క్షారంలో ఇనుము మీద అతి పల్చని పొర ఒకటి ఏర్పడి దాన్ని కాపాడుతుంది. గాలిలోని ఉప్పు, అంటే క్లోరైడు, తేమతో కలిసి సన్నని రంధ్రాల గుండా లోపలికి చేరి ఆ పొరను ఛేదిస్తుంది. ఇక తుప్పు మొదలు. తుప్పు తాను తిన్న ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. లోపలినుంచి అలా తోస్తుంటే కాంక్రీటు ఏం చేస్తుంది పాపం? పగులుతుంది, పెచ్చులూడుతుంది. ఆ పగుళ్ళలోంచి మరింత ఉప్పు పోతుంది.

దీనికి విరుగుడు పెద్ద విద్యేమీ కాదు. సముద్రతీరపు గాలికి గురయ్యే కాంక్రీటులో చువ్వ మీద కనీసం 45 మిల్లీమీటర్ల కప్పు ఉండాలని, కాంక్రీటు ఎం-30 రకానికి తగ్గరాదని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) చెబుతుంది. 45 మిల్లీమీటర్లంటే రెండున్నర వేళ్ళ మందం. అందుకోసం చువ్వల కింద కవర్ బ్లాకులు పెట్టాలి. పెట్టకుండా ఓ కంకరరాయి దోపి పని కానిచ్చేస్తే, స్లాబు పోసేరోజు జనం తొక్కిడికి చువ్వలు సెంట్రింగు మీదికి వాలిపోతాయి. పైన ప్లాస్టరింగూ, సున్నమూ అయిపోయాక ఆ తేడా ఏ ఇంజనీరు కంటికీ ఆనదు.

మా ఊరి తుఫాను షెల్టరుకు ఆమధ్య కొత్తరంగు వేశారు. మెట్ల అడుగున మాత్రం చువ్వలు బయటపడి ఎర్రగా పొరలు పొరలుగా రాలుతున్నాయి. మా నాన్న చూసి, “రంగు బాగానే ఉంది. గాలొస్తే ఆగుతాదేటి?” అన్నాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరీ జీడీ నేలకూలటం చూసినవాడాయన. మళ్ళీ అలాంటి రాత్రి వస్తే మా అమ్మా నానమ్మా పరుగెత్తవలసింది ఆ మెట్ల మీదుగానే.

పాతవాళ్ళు వాస్తుశిల్పం చదవలేదు గాని మన తీరంలో చుట్టిళ్ళు కట్టారు. గోడ గుండ్రం, కప్పు గోపురంలా ఏటవాలు, చూరు నేలకు తగిలేంత కిందికి. గాలి గుద్దుకోవటానికి చదునైన ముఖం లేదు, పట్టి లేపటానికి అంచు లేదు. ఇప్పుడు మళ్ళీ అవే కట్టుకోమని నేననను, తాటాకుకు నిప్పు భయం ఉండనే ఉంది. ఆ ఆలోచన మాత్రం మన కొత్త భవనాల్లో కనపడదు.

ఉప్పు ఏళ్ళ తరబడి తినేదాన్ని జనసమ్మర్దం ఒక్క నిమిషంలో కూల్చగలదు. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశినాడు, కాశీబుగ్గలో కొత్తగా కట్టిన ప్రైవేటు వేంకటేశ్వరాలయంలో తొక్కిసలాట జరిగి తొమ్మిదిమంది చనిపోయారు. రావటానికీ పోవటానికీ ఒకటే దారి. మెట్ల దగ్గరి రెయిలింగు ఒరిగిపోయింది. చేయి ఆనించుకోవటానికి పెట్టిన కమ్మీ వేరు, వెనుకనుంచి వందలమంది తోపును ఆపవలసిన కమ్మీ వేరు. వెనుకనున్నవాడికి ముందు ఎవరు పడ్డారో కనపడదు, అందుచేత తోపు ఆగదు. గోపురం ఎత్తు అందరం చూశాం. బయటికి పోయే రెండో దారి ఎక్కడని అడిగినవాళ్ళెందరు?

ఇదే చూపుతో పలాస ఆసుపత్రిని చూడండి. 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల భవనం అది. ఆలస్యంగానైనా వచ్చింది, సంతోషమే. అయితే డయాలసిస్ యంత్రంలో సాధారణంగా నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రావణం నడుస్తుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు, ఒక్క రోగికి ఒక్క పూటకు! అందులోని నీరు ఎంతో శుద్ధి అయి ఉండాలి. కాబట్టి ఆ ఆసుపత్రికి గుండెకాయ ముందు వరండా కాదు, నీటిశుద్ధి యంత్రం, దాన్ని అనుదినం పరీక్షించే టెక్నీషియనూ. హిరమండలం జలాశయంనుంచి 807 పల్లెలకు తలపెట్టిన మంచినీటి పథకాన్నీ ప్రారంభోత్సవపు శిలాఫలకం దగ్గర కాక చిట్టచివరి కుళాయి దగ్గర కొలవాలి.

మన కెమిస్ట్రీ లేబొరేటరీలో ఫినాఫ్తలీన్ ఉంది, సిల్వర్ నైట్రేటూ ఉంది. అప్పుడే పగిలిన కాంక్రీటు ముఖం మీద ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే, క్షారం మిగిలిఉన్నచోట గులాబీరంగు వస్తుంది, పోయినచోట రాదు. సిల్వర్ నైట్రేటు పిచికారీ చేస్తే క్లోరైడు చేరినచోట తెల్లబారుతుంది. సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళే మిత్రులు తమ ఊరి బడినుంచో, షెల్టరునుంచో ఊడిపడిన పెచ్చు ఒకటి, ఏ గోడదో చీటీ మీద రాసి, పట్టుకురండి. పరీక్ష మనమే చేద్దాం. ఫలితాలు వచ్చే సంచికలో అచ్చువేయమని సంపాదకులను అడుగుతాను.