పాత మోటారు గేర్లు ఎందుకు గీపెట్టును?

1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించిన కాలమున, గేర్ల వేగమును తానే సమము చేయు సింక్రోమెష్ అరుదు గనుక, డ్రైవరు క్లచ్చును రెండుమార్లు తొక్కుచు, చెవితోనే గేరు మార్చవలసియుండెను.

అట్టి బండి మేడ్చల్ దాటి శామీర్‌పేట వైపు సాగుచు, క్రింది గేర్లన్నిటను గీపెట్టి, నాలుగవ గేరున మౌనము వహించినచో దోషమెక్కడ? నాలుగవ గేరున శక్తి సూటిగా వెనుకకు పోవును. తక్కినవానిలో క్రింది షాఫ్టు మీదుగా పోవును గనుక, అనుమానము దాని బేరింగులమీదనే. ఒక్క గేరే టకటకలాడినచో ఆ జతలో పన్ను విరిగియుండును. ఏ గేరు వేసినను కరకరలాడినచో, పాపము, గేరుపెట్టె తరచు నిర్దోషియే. క్లచ్చు పూర్తిగా విడుట లేదు.

అన్నిటికన్న నమ్మదగిన సాక్షి నూనె: దింపిన నూనెను వ్రేళ్లనడుమ నలిపినపుడు ఇత్తడి మెరుపు కనబడిన బుష్షులును, ఉక్కు తునకలు తగిలిన పళ్లును చెడినవని తెలియును. వేడినూనె చేతులు కాల్చును, చల్లారినపిమ్మటనే పరీక్షింపుడు.